మాగ్మా కలిసిన గుర్తులు రాయిలో పట్టుకోవడం ఎలా: పూస నెయ్యి దగ్గర మొదలుపెట్టి పినటుబో దాకా

అగ్నిపర్వతం కింద ఏముంటుందో ఎవర్నైనా అడిగి చూడండి, పెళ్ళి వంటల్లో గుండిగలో సాంబారు ఉడికినట్టు ఎర్రటి ద్రవం కుతకుతలాడుతూ ఉంటుందంటారు, స్కూల్ పుస్తకాల్లో బొమ్మ కూడా అలాగే ఉంటుంది మరి, కింద ఒక ఎర్ర బెలూను, దాన్నుంచి పైకి ఒక గొట్టం. నేనూ ఎమ్మెస్సీ జియాలజీలో చేరేదాకా అదే అనుకున్నా. కానీ ఆ బొమ్మ తలలో పెట్టుకుని రాయి చూస్తే ఏమీ అర్థం కాదు, అందుకే ఇది రాస్తున్నా. చేతిలో ఒక రాయి ఉంది అనుకోండి, అది మాగ్మాగా, అంటే కరిగిన రాయిగా, భూమి లోపల ఉన్నప్పుడు కింద నుంచి కొత్త మాగ్మా వచ్చి చేరిందా, చేరితే కలిసిందా కలవలేదా, చేరిన ఎన్నాళ్ళకి బయటపడింది, ఇవి ఎలా తేల్చుకోవాలో నాకు తెలిసినంతలో చెప్తా. భూతద్దం ఉంటే సగం పని అయిపోతుంది, మిగతా దానికి మైక్రోస్కోపు కావాలి, చివర్లో కొంచెం లెక్క ఉంటుంది, భయపడక్కర్లేదు, ఎనిమిదో క్లాసు లెక్కే.

ముందు తలలో బొమ్మ మార్చుకోండి

చలికాలంలో పొద్దున్నే నెయ్యి డబ్బా మూత తీసి చూడండి. మంచి నెయ్యి అయితే పూస కట్టి ఉంటుంది, సన్న రవ్వలాంటి పూసలు ఒకదాన్నొకటి ఆనుకుని, వాటి సందుల్లో కొంచెం ద్రవం. డబ్బా వంచితే జారదు. స్పూన్ దింపితే మాత్రం స్పూన్ చుట్టూ కొంచెం కదులుతుంది. అగ్నిపర్వతం కింద ఎక్కువ కాలం ఉండేది దాదాపు ఇదే, దీన్ని మా వాళ్ళు క్రిస్టల్ మష్ అంటారు, నేను ఇక్కడ మష్ అనే వాడతా. మాగ్మా చల్లారేకొద్దీ క్రిస్టల్స్ పెరుగుతాయి, అవి సుమారు సగానికి చేరేసరికి ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుపోతాయి, ఇంక మొత్తం ముద్దగా పారలేదు. సందుల్లో ద్రవం ఉంటుంది కానీ అది కూడా మెల్లగా ఊరాల్సిందే.

ఎంత ద్రవం ఉంటుందో అంకెలో కావాలంటే అమెరికాలో యెల్లోస్టోన్ ఉంది కదా, అంత పేరున్న అగ్నిపర్వతం, భూకంప తరంగాలతో దాని లోపలి బొమ్మ తీసి 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం 3 నుంచి 8 కిలోమీటర్ల లోతులో ద్రవం 16 నుంచి 20 శాతం. అంటే నూటికి ఎనభై గట్టి సరుకే. ఒరెగాన్‌లో మౌంట్ హుడ్ మీద కారి కూపర్, ఆడమ్ కెంట్ అని ఇద్దరు 2014లో క్రిస్టల్స్ వయసు, అవి వేడిగా గడిపిన కాలం రెండూ లెక్కగట్టి, అక్కడి మాగ్మా తన జీవితంలో 88 నుంచి 99 శాతం కాలం కదల్లేనంత చల్లగా పడుందని చూపించారు. పూస నెయ్యి డబ్బా అలమారలో పడున్నట్టు.

మరి బిగుసుకుపోయింది బయటికి ఎలా వస్తుంది? అసలు రాదనుకుంటే అదీ తప్పే. కొలరాడోలో ఫిష్ కాన్యన్ టఫ్ అని ఒక మహా పేలుడు తాలూకు రాయి ఉంది, సుమారు 2.8 కోట్ల ఏళ్ళ కిందటిది, 5000 ఘన కిలోమీటర్ల మాగ్మా, దాంట్లో దాదాపు 45 శాతం క్రిస్టల్సే. అంటే బిగుసుకునే గీత పక్కనే ఉన్న సరుకు అంతా ఎగిరొచ్చింది. దానికి కావాల్సింది కింద నుంచి కొత్తగా, వేడిగా ఇంకో మాగ్మా రావడం. రీచార్జ్ అంటారు, ఫోన్ రీచార్జే అనుకోండి, బ్యాలెన్స్ అయిపోయిన దాంట్లో మళ్ళీ పడింది. వచ్చేది ఎక్కువగా బసాల్ట్, అంటే చల్లారితే నల్ల రాయయ్యే పల్చటి మాగ్మా, 1100 నుంచి 1200 డిగ్రీల దాకా ఉంటుంది, పైన మష్ 750, 800 దగ్గర పడుకుని ఉంటుంది. బసాల్ట్ తనతో పాటు వేడి తెస్తుంది, తను చల్లారి గట్టిపడుతూ నీటి ఆవిరి వదుల్తుంది, వచ్చి చేరింది కాబట్టి ప్రెషర్ కూడా పెంచుతుంది. ఈ మూడింట్లో ఎక్కడ ఏది ఎక్కువ పని చేసిందనే దాని మీద మా వాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటారు, ఆ గొడవ మనకొద్దు.

ఇంట్లో ఒకసారి చేసి చూడండి

ఇది చెయ్యకుండా ముందుకెళ్ళినా పర్లేదు కానీ చేస్తే మాత్రం తర్వాత చెప్పేదంతా కళ్ళ ముందు ఉంటుంది. పొడుగ్గా ఉండే గాజు సీసా, ఉడికించని సగ్గుబియ్యం, మామూలు వంట నూనె, ఒక గుప్పెడు ఆవాలు, మెడికల్ షాపులో దొరికే 50 ఎమ్మెల్ సిరంజి, సెలైన్ ట్యూబు ముక్క. ట్యూబు చివర సీసా అడుగు దాకా గోడ వెంట దింపి, సగ్గుబియ్యం సగం దాకా పోసి, పైన ఆవాలు సన్నగా ఒక పొరలాగా పరిచి, దాని మీద మళ్ళీ సగ్గుబియ్యం, అప్పుడు నూనె నెమ్మదిగా గింజలు మునిగేదాకా. నీళ్ళు పొయ్యకండి, సగ్గుబియ్యం ఉబ్బి సిమెంటు అవుతుంది, నాకు మొదటిసారి అలాగే అయ్యి సీసా పారేయాల్సొచ్చింది, అమ్మ తిట్లు అదనం.

ఇప్పుడు సిరంజిలో నూనె నింపి ట్యూబు ద్వారా చాలా మెల్లగా ఎక్కించండి. పైన నూనె మట్టం పెరుగుతుంది కానీ ఆవాల గీత కదలదు, నూనె గింజల సందుల్లోంచి ఊరిపోయింది అంతే. తర్వాత మళ్ళీ నింపి ఈసారి గట్టిగా ఒత్తండి. ట్యూబు నోటి దగ్గర గింజలు ఒక్కసారి విడిపోయి లేస్తాయి, ఆ కదిలే భాగం కింద సన్నగా పైకి వెళ్ళేకొద్దీ వెడల్పుగా ఉంటుంది, ఆవాల గీత మధ్యలో పైకి ఉబ్బి విరిగి, కొన్ని ఆవాలు పక్కలకి జారి అడుగు దాకా వెళ్తాయి. చుట్టూ ఉన్నవి మాత్రం కదలకుండా చూస్తూ ఉంటాయి. సిరంజి ఆపగానే మొత్తం మళ్ళీ బిగుసుకుంటుంది, కానీ ఆవాలు ఇంక పాత చోట ఉండవు.

ఇదే పని వాషింగ్టన్ యూనివర్సిటీలో జార్జ్ బర్గంట్జ్, జిలియన్ ష్లైకర్, వాళ్ళతో అలాన్ బుర్జిసే కలిసి కంప్యూటర్లో ఒక్కో క్రిస్టల్‌నీ విడివిడిగా లెక్కేస్తూ చేసి 2015లో చూపించారు. కింద నుంచి కొత్త మాగ్మా తగినంత వేగంగా వస్తే మష్ లోపల గిన్నె ఆకారంలో ఒక భాగం మాత్రమే తెరుచుకుని, దాంట్లో క్రిస్టల్స్ తిరుగుతాయి, గిన్నె గోడలు రెండు వైపులా వాలుగా ఉంటాయి, బయట మష్ అలాగే ఉండిపోతుంది. మిక్సింగ్ బౌల్ అని పేరు పెట్టారు. ఇది తెలిసినప్పట్నుంచి నాకు రాళ్ళు చూసే పద్ధతే మారిపోయింది, ఎందుకంటే కలవడం అనేది మొత్తం చాంబర్‌లో, అంటే మాగ్మా నిలవుండే చోటంతా, ఒకేసారి జరిగే పని కాదు, కొంత చోట, కొంతసేపు, మిగతా వాటికి తెలియకుండా కూడా జరిగిపోతుంది. కాబట్టి ఒక్క క్రిస్టల్ చెప్పే మాట నమ్మి కథ రాయకూడదు, పక్కపక్కనున్న వాటిని అడగాలి. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

రాయి చేతిలోకి తీసుకున్నాక

అగ్నిపర్వతం రాయి మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది అనే డౌటు వస్తుంది. మాగ్మా కలయిక చూడ్డానికి అగ్నిపర్వతమే అక్కర్లేదు, లోపలే గడ్డకట్టిపోయిన చాంబర్ పైకి తేలినా చాలు, అది హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి గుమ్మం ముందే ఉంది. అక్కడి గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట లోతుల్లో చల్లారింది, పైన ఉన్నదంతా అరిగిపోయి ఇప్పుడు గుండ్రటి బండలై కనిపిస్తోంది. అనంతపురం వైపు వాళ్ళకి క్లోజ్‌పేట్ గ్రానైట్ ఉంది, కర్ణాటకలోంచి పైకి వస్తుంది, రెండు మాగ్మాలు కలిసిన గుర్తులకి అది జియాలజీ వాళ్ళలో బాగా పేరున్న రాయి.

బండ మీద చూడాల్సింది నల్ల మచ్చలు. లేత గులాబీ, బూడిద రంగు గ్రానైట్ మధ్యలో పిడికిలంత నుంచి గుమ్మడికాయంత దాకా నల్లటి ముద్దలు కనిపిస్తాయి, ఎన్‌క్లేవ్‌లు అంటారు. అవి వేడి బసాల్ట్ లాంటి మాగ్మా వచ్చి చల్లటి గ్రానైట్ మాగ్మాలో పడినప్పుడు మిగిలిన ఉండలు. అరిసెల పాకం పట్టేటప్పుడు పాకం వచ్చిందో లేదో చూడ్డానికి గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని ఒక చుక్క వేస్తాం కదా, వేడి పాకం నీళ్ళలో కలిసిపోకుండా ఠక్కున ఉండ కడుతుంది. అచ్చం అదే. బసాల్ట్ తేనెంత పల్చన, క్రిస్టల్స్ నిండిన గ్రానైట్ మాగ్మా దానికన్నా లక్షల రెట్లు చిక్కన, పైగా రెండింటికీ మూడు నాలుగొందల డిగ్రీల తేడా, కలవమంటే ఎక్కడ కలుస్తాయి. కలిసేలోపే వేడిది గట్టిపడిపోతుంది.

కానీ ప్రతి నల్ల మచ్చా ఇది కాదు, ఇక్కడే అందరం దెబ్బతింటాం. భూతద్దం పట్టుకుని అంచు చూడండి ముందు. అంచు మేఘంలా, గోబీ పువ్వులా వంకర్లు వంకర్లుగా ఉండి, వంపులు గ్రానైట్ వైపుకి ఉబ్బి ఉంటే అప్పుడు రెండూ ద్రవంగా ఉన్నాయని అర్థం. అంచు పెంకులా కోసుగా, మూలలుగా ఉంటే అది ముందే గట్టిగా ఉన్న వేరే రాయి ముక్క విరిగి పడింది, దాన్ని జెనోలిత్ అంటారు, దానికీ రీచార్జ్‌కీ సంబంధం లేదు. తర్వాత అంచు దగ్గర గింజలు, మధ్యలో గింజలు పోల్చండి, అంచులో మరీ సన్నగా ఉండి లోపలికి వెళ్ళేకొద్దీ పెద్దవైతే ఠక్కున చల్లారిందని సాక్ష్యం, పాకం ఉండ పైపొర లాగా. ఇంక హైదరాబాద్ చుట్టుపక్కల నల్లగా, తిన్నగా, గోడలాగా కిలోమీటర్ల కొద్దీ పోయే డోలరైట్ డైకులు ఉంటాయి, గ్రానైట్ పూర్తిగా గట్టిపడి చల్లబడ్డాక, చాలా కాలం తర్వాత వచ్చినవి అవి, వాటిని చూసి మాగ్మా మిక్సింగ్ అని రిపోర్టులో రాసేస్తే వైవాలో పరువు పోతుంది, ఎలా తెలుసు అని అడక్కండి.

అన్నింటికన్నా నాకు ఇష్టమైన గుర్తు ఒకటుంది. నల్ల ముద్ద లోపల బొటనవేలి గోరంత గులాబీ ఫెల్డ్‌స్పార్, గ్రానైట్‌లో ఎక్కువగా ఉండే ఖనిజం, ఒకటి ఒంటరిగా కనిపిస్తుంది ఒక్కోసారి. దాని వాళ్ళంతా బయట గ్రానైట్‌లో ఉన్నారు, ఇదొక్కటే గోడ దూకి ఇందులోకి వచ్చింది. ఇంకా అదృష్టం ఉంటే సగం లోపల సగం బయట, సరిగ్గా అంచు మీద ఇరుక్కున్నది దొరుకుతుంది. ఆ ఒక్కటి చాలు, రెండు మాగ్మాలూ ఒకే సమయంలో మెత్తగా ఉన్నాయి, క్రిస్టల్స్ ఇటు నుంచి అటు మారాయి అని వాదించడానికి ఇంకేం అక్కర్లేదు. దాని చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే ఇంకా మంచిది, గులాబీ పొటాషియం ఫెల్డ్‌స్పార్ చుట్టూ ప్లాజియోక్లేజ్ అనే ఇంకో రకం ఫెల్డ్‌స్పార్ తొడుగు పడిందన్నమాట, కొత్త ఇంట్లో ఇమడక చొక్కా మార్చుకుంది.

కరీబియన్‌లో మాంట్సెరాట్ దీవిలో సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం 1995లో మొదలై ప్లిమత్ అనే ఊరినే పూడ్చేసింది, దాని బూడిద రంగు ఆండెసైట్ (బసాల్ట్‌కన్నా సిలికా ఎక్కువున్న లావా) రాళ్ళలో కూడా ఇవే నల్ల ఉండలు, గాలి బుడగలతో సహా. 250 కోట్ల ఏళ్ళ హైదరాబాద్ బండలో చూసిందీ, ముప్పయ్యేళ్ళ కిందటి లావాలో చూసిందీ ఒకే రకం అంచు, ఒకే రకం పొర, నాకైతే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇంకో ముచ్చట, రెండు మాగ్మాలు కలిసి మూడో రకం రాయి అవుతుందని మొదట్లోనే అన్నవాళ్ళలో ఒకాయన రాబర్ట్ బున్సెన్, అవును మన కెమిస్ట్రీ ల్యాబు బర్నర్ పేరు ఆయనదే, ఐస్‌లాండ్ వెళ్ళొచ్చి అక్కడి రాళ్ళ కెమిస్ట్రీ చూసి 1851లో రాశాడు.

మైక్రోస్కోపు కింద

ఇక్కడ థిన్ సెక్షన్ కావాలి, అంటే రాయిని గాజు పలక మీద అంటించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయడం. మీరే చేస్తుంటే క్వార్ట్జ్ రంగు చూస్తూ ఆపండి, క్రాస్డ్ నికల్స్ కింద, అంటే మైక్రోస్కోపులో రెండు పోలరైజర్లు అడ్డంగా పెట్టి చూస్తే, క్వార్ట్జ్ పసుపుగా కనిపిస్తే ఇంకా మందం ఉందని, బూడిద తెలుపుకి వస్తే చాలని. నేను ఇంకొక్క నిమిషం అనుకుంటూ అరగదీసి అరగదీసి ప్లాజియోక్లేజ్ మొత్తం మాయం చేసుకున్నా ఒకసారి, గాజు పలక మీద జిగురు మాత్రం మిగిలింది.

సెక్షన్ రెడీ అయ్యాక ప్లాజియోక్లేజ్ వెతకండి, చారలు చారలుగా ఉంటుంది, తేలిగ్గా దొరుకుతుంది. ఇది ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది, ప్రతి పొరలో అప్పటి మాగ్మా వేడి, కెమిస్ట్రీ దాచుకుంటుంది, వేడి మాగ్మాలో క్యాల్షియం ఎక్కువ, చల్లారేకొద్దీ సోడియం ఎక్కువ. మామూలుగా చల్లారుతూ పోతే మధ్యలో క్యాల్షియం, అంచుకి వచ్చేసరికి సోడియం ఉండాలి. స్టేజి, అంటే సెక్షన్ పెట్టే గుండ్రటి పలక, తిప్పుతూ చూస్తే పొరలు ఒక్కొక్కటీ ఒక్కో కోణంలో నల్లబడతాయి, ఏ పొర ఎప్పుడు నల్లబడుతుందో చూసి పొరల హద్దులు బొమ్మ గీసుకోండి, పెన్సిల్‌తో నోట్స్‌లో గీసుకోవడమే మంచిది, ఫోన్‌లో ఫొటో తీస్తే తర్వాత చూడం.

ఇప్పుడు పట్టుకోవాల్సింది తేడా కొట్టే చోటు. లోపలి పొరలన్నీ సాఫీగా వచ్చి, ఒక చోట గీత అంచులు అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటాయి, కరిగిందన్నమాట. ఆ గీత దాటగానే క్యాల్షియం హఠాత్తుగా పెరుగుతుంది. కొన్నింట్లో ఆ చోట జల్లెడలా చిల్లులు చిల్లులుగా ఉండి ప్రతి చిల్లులో ఒక బొట్టు గాజు ఇరుక్కుని ఉంటుంది, దాని బయట మళ్ళీ శుభ్రంగా ఒక పొర. చల్లగా పడుకున్న క్రిస్టల్ దగ్గరికి వేడి మాగ్మా వచ్చింది, క్రిస్టల్ కొంత కరిగింది, తర్వాత ఆ కొత్త మాగ్మాలోంచి పొర కట్టుకుంది, ఇదీ మామూలుగా చెప్పే కథ.

మామూలుగా అన్నాను చూశారా. జల్లెడ కనిపించగానే రీచార్జ్ అని ఎగిరి గంతెయ్యకండి. మాగ్మా వేగంగా పైకి లేస్తే ప్రెషర్ తగ్గినందుకే ప్లాజియోక్లేజ్ అలా చిల్లులు పడుతుందని 1992లోనే ల్యాబులో చేసి చూపించారు, కొత్త మాగ్మా బొట్టు కూడా అక్కర్లేకుండా. నీటి శాతం పెరిగినా క్యాల్షియం పెరుగుతుంది. సన్నసన్నగా, ఒకదాని వెంట ఒకటి వందల పొరలు ఉంటే అది క్రిస్టల్ తన చుట్టూ ఉన్న పల్చని ద్రవంతో తను ఆడుకునే ఆట, పెద్దగా పట్టించుకోవద్దు. అందుకని జల్లెడతో పాటు ఇంకేదైనా సాక్ష్యం ఉందా చూడాలి, ఆ చిల్లుల పొర బయట కట్టిన ప్లాజియోక్లేజ్‌లో ఐరన్, మెగ్నీషియం కూడా పెరిగాయా అనేది ఎలక్ట్రాన్ ప్రోబ్ అనే మెషీన్‌లో కొలిస్తే తెలుస్తుంది, అవి పెరిగితే నిజంగా వేరే మాగ్మా వచ్చినట్టే, ఉత్త ప్రెషర్ తగ్గితే అవి అంతలా పెరగవు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇప్పుడు. ఒక క్రిస్టల్ చూసి ఆపకండి, కనీసం యాభై చూసి పట్టిక రాయండి, ఎన్నింటికి కరిగిన గీత ఉంది, ఒక గీతా రెండా, బయటి పొర మందం ఎంత. ముఖ్యంగా ఒకదాన్నొకటి తాకుతున్న క్రిస్టల్స్ చూడండి. పక్కపక్కనే ఉండి ఒకదానికి రెండు కరిగిన గీతలు, ఇంకోదానికి ఒక్కటీ లేకపోతే అవి పుట్టినప్పట్నుంచి ఇరుగుపొరుగు కాదు. ఎక్కడో పెరిగినవి ఆ గిన్నె తెరుచుకున్నప్పుడు తిరిగి తిరిగి ఇక్కడ చేరాయి, సీసాలో ఆవాలు చేరినట్టే. అన్నింటికీ బయటి పొర మాత్రం ఒకేలా ఉంటే ఇంకా బాగుంటుంది, వేరే వేరే ఊళ్ళ వాళ్ళు చివర్లో ఒకే బస్సు ఎక్కారు. ఏ పొర దగ్గర బస్సు ఎక్కారో తెలిస్తే కలయిక ఎప్పుడు అయిందో వరస దొరికినట్టే.

ఎన్నాళ్ళు అయింది అనే లెక్క

ఆలివిన్ అనే పచ్చ ఖనిజం బసాల్ట్‌తో వస్తుంది. కొత్త మాగ్మాలో పడగానే దాని అంచు కెమిస్ట్రీ మారుతుంది, లోపల పాతదే ఉంటుంది. మధ్యలో ఐరన్, మెగ్నీషియం మెల్లగా చోట్లు మార్చుకుంటూ ఆ పదునైన హద్దుని మసక చేస్తాయి, కాటన్ చీరకి రంగు అంటుకుని అంచు పాకినట్టు. వేడిగా ఉన్నంతసేపే ఇది నడుస్తుంది, బయటికొచ్చి చల్లారగానే ఆగిపోతుంది. ఎంత వెడల్పున మసకైందో కొలిస్తే ఎంతసేపు వేడిలో ఉందో తెలుస్తుంది.

లెక్క ఇంతే, మసక వెడల్పుని దాంతోనే గుణించి, పాకే వేగంతో భాగించాలి. ఆలివిన్‌లో 1100 డిగ్రీల దగ్గర ఆ వేగం, డి అంటాం, సుమారుగా సెకనుకి 10 పవర్ మైనస్ 16 చదరపు మీటర్లు. మీ క్రిస్టల్‌లో మసక 20 మైక్రాన్లు అనుకోండి, మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్. 20 మైక్రాన్లని 20 మైక్రాన్లతో గుణిస్తే 4 ఇంటూ 10 పవర్ మైనస్ 10, దాన్ని డితో భాగిస్తే 40 లక్షల సెకన్లు, అంటే 46 రోజులు. అదే 50 మైక్రాన్లు అయితే 290 రోజులు దాకా. అంటే కొత్త మాగ్మా వచ్చిన నెలా నెలన్నరకే పేలిందా, ఏడాది ఆగి పేలిందా అనేది ఆ 20కీ 50కీ ఉన్న తేడాలో ఉంది. కొలత తప్పితే వర్గంలో తప్పుతుంది కాబట్టి క్రిస్టల్‌ని అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసినదాంట్లో కొలవద్దు, మసక లేనిపోని వెడల్పుగా కనిపిస్తుంది. వేడి అంచనా 50 డిగ్రీలు తప్పితే జవాబు రెండు మూడు రెట్లు మారుతుంది, అందుకని 46 రోజులు అని రాసి కింద గీత గీయకండి, రెండు మూడు వారాల నుంచి నాలుగు నెలలు అని రాయండి, అదే నిజాయితీ.

ఇది పని చేస్తుందా అని డౌటు ఉంటే అమెరికాలో మౌంట్ సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఉంది. 1980 నుంచి 86 దాకా అక్కడ భూకంపాలు, గ్యాసు రికార్డులు ఉన్నాయి కదా, కేట్ సాండర్స్ బృందం అక్కడి పైరాక్సిన్ అనే ఖనిజం క్రిస్టల్స్ అంచుల్లో ఇలాగే కాలం లెక్కేసి 2012లో చూపించింది, క్రిస్టల్స్ చెప్పిన తేదీలు భూకంపాలు పెరిగిన తేదీలతో సరిపోయాయి. అదే ఏడు గ్రీసులో శాంటోరినీ మీద టిమ్ డ్రూయిట్ వాళ్ళు, దాదాపు 18 వేల ఏళ్ళు పెద్ద పేలుడు లేకుండా ఊరుకున్న అగ్నిపర్వతానికి పేలే ముందు చివరి వందేళ్ళలోపే భారీగా కొత్త మాగ్మా చేరిందని, చివరి నెలల దాకా చేరుతూనే ఉందని ప్లాజియోక్లేజ్‌లోంచి లాగారు.

అన్నీ కలిపి ఒక కథ: పినటుబో

ఫిలిప్పీన్స్‌లో పినటుబో సుమారు 500 ఏళ్ళు నిద్రపోయింది. 1990 జులై 16న లుజాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది, దానికీ దీనికీ సంబంధం ఎంతనేది వేరే చర్చ. 1991 ఏప్రిల్ 2న కొండ మీద ఆవిరి పేలుళ్ళు మొదలయ్యాయి. మే ఆఖర్లో, జూన్ మొదట్లో చాలా లోతు నుంచి, 30 కిలోమీటర్లకి కూడా కింద నుంచి, నెమ్మదిగా ఊగే రకం ప్రకంపనలు వచ్చాయి. బసాల్ట్ కింద నుంచి కదుల్తోందని వాటికి అర్థం చెప్తారు.

జూన్ 7న లావా గుట్ట ఒకటి బయటికి వచ్చింది, ఇదే అసలు సంగతి. పినటుబోలో ఉండాల్సింది డసైట్, ఆండెసైట్‌కన్నా సిలికా ఎక్కువున్నది, లేత రంగు, సగం దాకా క్రిస్టల్స్ ఉన్న మష్. ఈ గుట్ట మాత్రం ఆండెసైట్, దాంట్లో నల్లటి బసాల్ట్ ఉండలు, ఠక్కున చల్లారిన అంచులతో. పైగా ఒకే రాయిలో ఆలివిన్, క్వార్ట్జ్ రెండూ ఉన్నాయి. ఈ రెండూ ఒక ఇంట్లో కాపురం చెయ్యలేవు, ఆలివిన్ సిలికా తక్కువ ఉన్న చోట పుడుతుంది, క్వార్ట్జ్ సిలికా మిగిలిపోయిన చోట, కలిసి కనిపించాయంటే ఎవరో ఒకరు కొత్తగా వచ్చారు, ఇంకా ఎక్కువ రోజులు కాలేదు, అయ్యుంటే ఒకటి ఇంకోదాన్ని కరిగించేసేది. పైన చెప్పిన గుర్తులన్నీ, అంచులు, ఉండలు, దారి తప్పిన క్రిస్టల్స్, ఒకే రాయిలో. జాన్ పల్లిస్టర్ వాళ్ళు 1992లో దీన్ని రాసి, బసాల్ట్ వచ్చి డసైట్ మష్‌ని కదిలించిందని చెప్పారు.

వారం తిరిగేసరికి, జూన్ 15న, అసలు పేలుడు. సుమారు 5 ఘన కిలోమీటర్ల మాగ్మా, కోటిన్నర టన్నులకి పైగా సల్ఫర్ డయాక్సైడ్, ప్రపంచమంతా అర డిగ్రీ దాకా చల్లబడింది. ఆ రోజు వచ్చిందంతా ఎక్కువగా డసైటే, తెల్లటి ప్యూమిస్, అంటే బుడగల నురుగు రాయి, దాన్ని మాత్రమే ఏరుకుని చూస్తే బసాల్ట్ వచ్చిందని ఎవరూ కనిపెట్టలేరు. ముందు వారంలో వచ్చిన ఆ చిన్న గుట్ట, తర్వాతి పేలుడుకి తునాతునకలైపోయింది కానీ, దాని ముక్కలు చేతిలో ఉన్నవాళ్ళకే కథ తెలిసింది. అందుకే ఏ అగ్నిపర్వతం సాంపిల్ తీసినా మొదటి రోజుల్లో వచ్చిన సరుకు విడిగా కట్టి పెట్టమంటారు, సంచి మీద తేదీ తప్పకుండా రాసి.

ఇలా కదిలిన ప్రతిదీ పేలుతుందనుకోకండి, చాలా రీచార్జ్‌లు కింద ఉబ్బి, చల్లారి, ఇంకో పొర క్రిస్టల్స్‌గా మిగిలి ఊరుకుంటాయి. హైదరాబాద్ బండల్లో చూసేది బహుశా అలాంటి ఊరుకున్నవే.

మొదలుపెట్టడానికి రాయి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. గ్రానైట్ కటింగ్ షాపు వెనక్కి వెళ్ళండి, కిచెన్ గట్టుకి పనికిరాదని నల్ల మచ్చ ఉన్న పలకల్ని అక్కడే పారేసి ఉంచుతారు, మచ్చ ఉంటే కస్టమర్ తీసుకోడు కదా. పాలిష్ పట్టిన ముక్క అయితే అంచు ఇంకా బాగా కనిపిస్తుంది, కొంచెం నీళ్ళు చల్లి ఎండలో పట్టుకుని చూడండి. మా దగ్గర షాపతను ఈ డిఫెక్టు పీసు ఎందుకు సార్ మీకు అంటూనే రెండు ముక్కలు ఉచితంగా ఇచ్చాడు, ఒకదాంట్లో అంచు మీద సగం సగంగా ఇరుక్కున్న గులాబీ ఫెల్డ్‌స్పార్ ఉంది.